ఎవరూ పాడని నిమిషం

రాయదుర్గం మెట్రోకు ఆఖరి స్టేషన్. రైలు ఆగగానే అందరూ ఒకరినొకరు తోసుకుంటూ దిగిపోతారు. నేను కావాలనే వెనకబడతాను. బోగీ ఖాళీ అయ్యాక తలుపు దగ్గర నిలబడితే కాసేపు ఒక చప్పుడు వినిపిస్తుంది. అది ఏసీ మోత ఒక్కటే కాదు. అంతసేపూ మనుషుల బట్టలు, మాటలు, ఒళ్ళు కప్పి ఉంచిన మోత. వాళ్ళు దిగిపోగానే అది పైకి తేలుతుంది. మనిషి లేకుండా పోతే ఆ చోటి చప్పుడు మారుతుందని నాకు నేర్పింది ఎస్తేరక్క. ఆమె పోయి ఏడాది దాటింది. ఆమెను చూడనివాళ్ళకు ఆమె గురించి చెప్పాలంటే, ఆమె పాట కంటే ముందు, పాట మొదలయ్యే ముందు ఆమె పాటించే మౌనం గురించి చెప్పాలి.

ఆమె మా ఆఫీసులో టెస్టింగ్ టీమ్‌కు లీడ్. నేను కాకినాడ నుంచి వచ్చి ఆ టీమ్‌లో చేరాను. మొదటి వారంలోనే ఒక కొత్త సిస్టమ్ నా ముందు పెట్టి, ఏ పనీ అప్పజెప్పకుండా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ముందు ఏమీ నడపకు. ఖాళీగ ఉన్నప్పుడు ఎట్లుంటదో చూడు."

"ఖాళీగా ఉన్నప్పుడు చూడటానికి ఏముంటుందండి?"

"అండి గిండి వద్దు, అక్క అను. ఖాళీ అనేది ఉండది వాసూ. ఏ పనీ చేయకున్నా అది లోపల ఏదో చేసుకుంటనే ఉంటది. అది తెల్వకపోతే, రేపు ఏదన్న గడబిడైతే అది దానిదా, మనం పెట్టిందా, ఎట్ల చెప్తవ్?"

ఆ రోజంతా ఏమీ నడవని సిస్టమ్‌ను చూస్తూ కూర్చున్నాను. ఎవరూ తాకకుండానే దాని అంకెలు కొద్దిగా పెరిగేవి, మళ్ళీ తగ్గేవి, నిద్రపోతున్న మనిషి ఛాతీలా. నాకు కొంచెం భయం వేసింది. ఆ మాట చెబితే ఆమె నవ్వలేదు. "మంచిది, చూడటం వస్తున్నది నీకు" అంది.

భోజనాల హాల్లో నేను బల్ల మీద వేళ్ళతో తాళం వేస్తుంటే పట్టుకుంది. చిన్నప్పుడు భజనల్లో డోలక్ వాయించేవాణ్ణని చెప్పాను. "ఐతే శనివారం బోరబండ వస్తవా? మా కిరణ్‌కు గిటార్ వస్తది, తాళం రాదు" అంది. కిరణ్ మా టీమ్‌వాడే. ఎదురుగా కూర్చుని పెరుగన్నం కలుపుకుంటున్నాడు. "అక్కా, నా ఇజ్జత్ తీసుడు లంచ్ తర్వాత పెట్టుకోరాదు?" అన్నాడు. ముగ్గురం పనిచేసే అంతస్తు పేరే మా బృందానికి పెట్టుకున్నాం: నాలుగో అంతస్తు.

బోరబండలో వాళ్ళ ఇంటి మిద్దె మీద ఒకే ఒక గది. గోడల నిండా పాత బొంతలు వేలాడదీసి ఉండేవి. కిటికీలోంచి రైలు స్టేషన్ వైపు పట్టాలు కనిపించేవి. మూలన ఒక స్టూలు మీద పాత కంప్యూటర్. మా వెబ్‌సైట్ నడిచేది దాని మీదే. ఆమే తయారు చేసుకుంది, ఆమే చూసుకునేది. "సైట్ అంటే యాడనో గాలిల లేదు. ఇగో, ఈ డబ్బాల ఉన్నది" అని దాని నెత్తి మీద తట్టి చూపించేది. వీధిలో కరెంటు పోతే సైట్ కూడా పోయేది. అలాంటప్పుడు కిరణ్ ఆఫీసులో అందరికీ వినపడేలా "బోరబండల కరెంట్ పోయింది, నాలుగో అంతస్తు కూలింది" అని ప్రకటించేవాడు.

ప్రాక్టీసుకు ముందు ఆమెకు ఒక ఆచారం ఉండేది. మైకు పైన ఎర్రదీపం వెలిగించి చెయ్యి ఎత్తేది. ఒక నిమిషంపాటు ఎవరూ కదలకూడదు. పాటలో కలిసిపోయే గది మోతను తర్వాత తగ్గించాలంటే గది ఒక్కటే ఎలా ఉంటుందో యంత్రానికి తెలియాలి. రికార్డింగ్ చేసేవాళ్ళందరూ చేసే పనే అది. నా మొదటి శనివారం, ఆ నిమిషం మధ్యలో కింద నుంచి వాళ్ళ అమ్మ మార్తమ్మగారి గొంతు వినిపించింది: "ఎస్తేరూ! చాయ్ సల్లారిపోతున్నదే!" ఎస్తేరక్క నోరు మూసుకుని ముక్కుతో నవ్వింది. మళ్ళీ రికార్డు చేద్దామా అని అడిగాను. "ఎందుకు? అమ్మ గూడ గదిల భాగమే" అంది.

తక్కినవాళ్ళయితే ఆ నిమిషాన్ని పని అయ్యాక పారేస్తారు. ఆమె పారేసేది కాదు. సైట్‌లో 'గది' అని ఒక పేజీ పెట్టి, ప్రతి వారం నిమిషాన్నీ వరసగా అందులో ఉంచేది. ఎందుకని అడిగితే, "పాట కోసం గదిని తుడుస్తున్నం గద. తుడిచినదాన్ని యాడనో ఒక కాడ పెట్టాలె" అంది. తుడవటం కూడా సగమే. మొత్తం తుడిచేస్తే పాడే మనిషి ఎక్కడ నిలబడి పాడుతోందో తెలియదనేది. ఒకసారి నన్ను గది బయటికి పంపి ఒక నిమిషం, లోపలికి పిలిచి ఒక నిమిషం రికార్డు చేసి రెండూ వినిపించింది. నేను ఉన్న నిమిషంలో మోత కొద్దిగా తక్కువగా ఉంది. "మనిషి ఒళ్ళు చప్పుడును తాగుతది" అంది. ఆ రోజు ఇంటికి వెళ్ళి నా గదిలో లైటు వేయకుండా చాలాసేపు కూర్చున్నాను. నేను లేని నా గది ఎలా ఉంటుందో ఎన్నడూ వినలేనని అప్పుడే మొదటిసారి తట్టింది.

కిరణ్‌కు ఈ సైట్ గొడవ నచ్చేది కాదు. సోషల్ మీడియాలో మా పేజీ వాడే చూసుకునేవాడు, ఖాతా అక్క పేరు మీద ఉన్నా.

"సైట్ ఎవరు చూస్తరక్కా ఈ జమానాల? మా నాయనమ్మ గూడ రీల్స్ చూస్తది."

"చూడనీ. నీ పేజీల మన పాట పైన ఎవరిదో పెండ్లి, కింద ఎవరిదో ఆవకాయ. నడుమల మనం. ఆ వరుస ఎవరు పెట్టిన్రు? నువ్వా, నేనా?"

"ఎవరైతేంది, పెండ్లి చూసెటోడు మన పాట గూడ వింటున్నడు గద."

వాడి మాటలో నిజం ఉంది. ఖాజాగూడ రాళ్ళ దగ్గర ఒక ఆదివారం సాయంత్రం మేం పాడితే, వచ్చినవాళ్ళందరూ పేజీ చూసి వచ్చినవాళ్ళే. సైట్ చూసి వచ్చామన్నవాళ్ళు ఒక్కరూ లేరు. కిరణ్ గర్వంగా అక్క వైపు చూశాడు. ఆమె తప్పించుకోలేదు. "పేజీ పిలుస్తది, ఒప్పుకుంట. పిలిచినంక కూసోబెట్టడానికి ఇల్లుండాలె గద" అంది. ఇంకోసారి కిరణే సరదాకి ఒక గది నిమిషాన్ని పేజీలో పెట్టబోయాడు. ఇందులో శబ్దం లేదు, ఏదైనా పాట చేర్చుకోండి అని అది సలహా ఇచ్చింది. ఎస్తేరక్క కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. "పాపం, దానికి గమ్మునుండుడు రాదు" అంది.

తర్వాత ఆమెకు జబ్బు చేసింది. దాని గురించి ఎక్కువ రాయను. ప్రాక్టీసు ఆగిపోయింది. ఒక శనివారం సాయంత్రం ఆస్పత్రికి వెళ్ళేసరికి చెవుల్లో ఇయర్‌ఫోన్లతో, కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. ఏ పాటక్కా అని అడిగాను. ఒక చెవిది తీసి, "పాట కాదు. ఇల్లు" అంది. మందుల మత్తులో అన్న మాటనుకున్నాను. నేను ఆమె నోట విన్న ఆఖరి మాటల్లో అదొకటి.

ఆమె పోయిన కొన్నాళ్ళకు కిరణ్ ఒక పని చేశాడు. ప్రేమతోనే చేశాడు. ఆమె పాటల్లోంచి గొంతును విడదీసి, గది నిమిషాలను వాడి మోతను పూర్తిగా తుడిచేసి, ఒట్టి గొంతు మాత్రం పేజీలో పెట్టాడు. ఎవరైనా దానికి తమ వాయిద్యం జోడించుకుని ఆమెను తలుచుకోవచ్చని రాశాడు. అది అంత శుభ్రంగా ఉండకపోతే బాగుండేది.

నెలలు గడిచాయి. ఆమె ఖాతాలోకి ఎవరో చొరబడ్డారు. ఒక మధ్యాహ్నం మా పేజీలో కొత్త వీడియో వచ్చింది. ఎస్తేరక్క పాత ఫొటో. పెదాలు కదులుతున్నాయి. "అభిమానులందరికీ నమస్కారమండి. నేను తిరిగి వచ్చానండి" అంది. గొంతు ఆమెదే. తర్వాత మేం ఎన్నడూ కట్టని పాట ఒకటి పాడింది. కింద జనం పండగ చేసుకుంటున్నారు. అక్క కోలుకుందని ఒకరు, దేవుడు ఉన్నాడని ఒకరు. కిరణ్ ఫోన్ చేసి ఏడ్చాడు.

"నేనే తుడిచిన గద భయ్. నున్నగ చేసి పళ్ళెంల పెట్టి ఇచ్చిన. దాంతోనే ఏఐల కొత్త పాటలు చేస్తున్నరు."

ఫిర్యాదు చేస్తే, నెల దాటాక, ఖాతా యజమాని స్వయంగా కోరితే పరిశీలిస్తామని జవాబు వచ్చింది. "యజమానేమో తిరిగొచ్చిన అంటున్నది. నేనెట్ల గెలుస్త?" అన్నాడు కిరణ్.

నేను ఆ పాటను హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. పదానికీ పదానికీ మధ్య ఏమీ లేదు. నిశ్శబ్దం కూడా లేదు. బొంతలు లేవు, కిటికీ లేదు, పట్టాలు లేవు. ఖాళీ అనేది ఉండదని చెప్పిన మనిషి గొంతు ఖాళీలోంచి వస్తోంది. వినలేక తీసేశాను. చెవులు కడుక్కోవాలనిపించినట్టు మా సైట్ తెరిచి, చాలా రోజుల తర్వాత 'గది' పేజీకి వెళ్ళాను.

అన్నిటికంటే పైన ఉన్నది పోయిన శనివారానిది.

కొంతసేపు దాన్ని నొక్కలేకపోయాను. నొక్కాక గది మోత వినిపించింది. నాకు తెలిసిన మోతే, కాస్త పెద్దదిగా. దూరంగా రైలు. ఎవరూ లేరు. దాని ముందు శనివారానిదీ అంతే. అప్పుడు గాని ఆస్పత్రిలో ఆమె అన్న మాట నాకు అర్థం కాలేదు. కరెంటు పోయి వచ్చినా కంప్యూటర్ తనంతట తానే లేచేలా, ప్రాక్టీసు వేళకు మైకు దానంతట అదే వెలిగి, ఒక నిమిషం రికార్డు చేసి, సైట్‌లో పెట్టేలా ఆమె అమర్చుకుంది. మంచం మీద పడుకుని తన గదిని వింటూ ఉండేది. ఆ తర్వాత దాన్ని ఎవరూ ఆపలేదు.

ఒకదాని తర్వాత ఒకటి విన్నాను. వాటిలో ఒకదాంట్లో తలుపు చప్పుడైంది. చెప్పులు ఈడ్చుకుంటూ ఎవరో వచ్చారు. ఫోన్లోంచి ఆ దొంగ గొంతు, "నేను తిరిగి వచ్చానండి" అంది. పాట సగంలో ఆగింది. తర్వాత మార్తమ్మగారు మెల్లగా అడిగారు: "తిన్నవా బిడ్డా?"

జవాబు కోసం ఆగినట్టు నిమిషం అయిపోయేదాకా ఇంకేమీ లేదు.

ఆ శనివారం నేను బోరబండ వెళ్ళాను. ఆ గొంతు అబద్ధమని మార్తమ్మగారికి చెప్పాలని, మైకు ఆపేయాలని వెళ్ళాను. అవి ఎలా చెప్పాలో దారంతా కూడబలుక్కున్నాను. ఆమె అప్పటికే మిద్దె మీద గదిలో, మైకు ఎదురుగా పీట వేసుకుని కూర్చుని ఉన్నారు. చేతిలో ఫోన్.

"అమ్మా, ఆ ఫోన్‌లోది..."

"నా బిడ్డ కాదని నాకెర్కలేదా?" అన్నారామె. "పుట్టి బుద్ధెరిగి ఎన్నడన్న అది అండి అన్నదా? పాస్టరయ్యతోని గూడ అనకపోయేది."

"మరి ఎందుకమ్మా ఇక్కడ పెడుతున్నారు?"

ఆమె మైకు వైపు చూపించారు. "శనివారం పొద్దుగూకేయాల ఆ ఎర్రదీపం ఎలుగుతది బిడ్డా. ఎవరూ ముట్టరు. మొదట్ల భయమై కిందికురికిన. తర్వాత, అదే వింటున్నదేమో అనిపించింది. అందుకే చెప్తున్న. నీ గొంతు ఎవరో ఎత్కపోయిన్రు, ఇగో ఇట్ల పాడుతున్నరు, జర చూసుకో అని." నా వైపు తిరిగి అడిగారు. "నిజం చెప్పు. ఆ దీపం ఎవరు ఎలిగిస్తున్నరు?"

కూడబలుక్కున్న మాటలేవీ పనికిరాలేదు.

"అక్కేనమ్మా. దవాఖానలో ఉన్నప్పుడు ఇల్లు వినపడాలని అమర్చుకుంది. ఇప్పటికీ అలాగే వెలుగుతోంది."

"మరి నేనన్న మాటలు?"

"అవన్నీ మా సైట్‌లో ఉన్నాయి. మీరు వద్దంటే తీసేస్తాను, దీపం కూడా ఆపేస్తాను."

"ఎవరన్న విన్నరా?"

"నేను విన్నాను."

"ఐతే ఉండనీ."

నేను నా మొదటి శనివారం నిమిషాన్ని వెతికి వినిపించాను. గది మోత, అందులో మార్తమ్మగారి సొంత గొంతు, చాయ్ చల్లారిపోతోందని. వెంటనే అక్క ముక్కుతో నవ్విన నవ్వు. మార్తమ్మగారు ఫోన్ ఒళ్ళో బోర్లా పెట్టేశారు. "ఇగో, ఇది. ఇది మా ఇల్లు" అన్నారు. అంతలో ఎదురుగా ఎర్రదీపం వెలిగింది. ఇద్దరం మాట్లాడటం ఆపేశాం.

పేజీ మాకు తిరిగి రాలేదు. ఆ గొంతు అక్కడ ఇప్పటికీ పాడుతూనే ఉంది, కొత్త కొత్త పాటలు. కిరణ్ తన సొంత ఖాతాలో మా సైట్ చిరునామా ఒక్కటి రాసి పెట్టాడు. అది చూసి అప్పుడప్పుడూ ఎవరో ఒకరు వస్తారు. ఎస్తేరక్క సగం తుడిచిన పాటలు వింటారు, వెళ్ళిపోతారు. ఆ పాత కంప్యూటర్ దుమ్ము దులపటం, కరెంటు పోయి వచ్చాక అది మళ్ళీ లేచిందో లేదో చూడటం ఇప్పుడు నా పని. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళను ఏమీ నడవని సిస్టమ్ ముందు కూర్చోబెడతాను. వాళ్ళు నన్ను వింతగా చూస్తారు.

శనివారాలు బోరబండ వెళతాను. దీపం వెలిగాక నేనూ మార్తమ్మగారూ ఆ నిమిషం కూర్చుంటాం. ఆమె ఇప్పుడు ఏమీ మాట్లాడరు. మేమిద్దరం ఉన్న గది మోత నాకు బాగా తెలుసు. ఇద్దరి ఒళ్ళు తాగాక ఎంత మిగులుతుందో చెవికి పట్టుబడింది. పోయిన శనివారం నిమిషంలో అది అంతకంటే తక్కువగా ఉంది. మేం ముగ్గురం పాడే రోజుల్లో ఉన్నంత తక్కువ. ఆ సాయంత్రం కిరణ్ రాలేదు. గదిలో కొత్తగా ఏమీ పెట్టలేదు. పాతవాటితో పోల్చి చూసి కారణం పట్టుకోవటం నా వృత్తి, ఆమె నేర్పిన పని.

నేను పోల్చి చూడలేదు. ఉన్నది ఉన్నట్టు ఉంచేశాను.