పెట్టెలో వాన ఆగిన రోజు

అరకు దాటి లోపలికి పోయే దారిలో, రోడ్డు మలుపు తిరిగే చోట ఒక పెంకుటిల్లు ఉండేది. దాని ముందు గదే మా ఆఫీసు. కొండ ఊళ్ళలో తరతరాలుగా వేస్తున్న విత్తనాల గురించి పెద్దవాళ్ళు చెప్పే మాటలు విని, టైపు చేసి, పుస్తకంగా కూర్చడం నా పని. విజయనగరం పక్క పల్లె నుంచి వచ్చినదాన్ని. చోళ్ళకీ, అంటే రాగులకీ, సామలకీ తేడా తెలుసు గానీ, సామల్లోనే ఇన్ని రకాలు ఉంటాయని అక్కడికి వెళ్ళేదాకా తెలియదు.

అప్పటికి కింద ఊళ్ళలో పలక లాంటి పల్చటి మానిటర్లు వచ్చేశాయి. మాకు మాత్రం ఏదో ఆఫీసులో వాడి పక్కన పెట్టేసిన పాతది ఇచ్చారు. వెనక ఎద్దు మూపురంలా ఉబ్బెత్తుగా ఉండేది. ఇద్దరు పట్టి ఎత్తితే గానీ కదిలేది కాదు. నాకదంటే ఇష్టంగానే ఉండేది. పొద్దున్నే కిటికీ తెరిస్తే మంచు గదిలోకి వచ్చేసేది. గోడలు కనబడేవి కావు, తలుపు కనబడేది కాదు. తెర ఒక్కటే నీలంగా వెలిగేది. కుర్చీలో కూర్చుంటే నేల మీద ఉన్నానో, ఎక్కడైనా తేలుతున్నానో తెలిసేది కాదు. అలా ఎంతసేపు కూర్చునేదాన్నో. ఎండ కొండ మీదికి ఎక్కాక మంచు కరిగి, కిటికీ అవతల వలిసె చేలు పూలతో పసుపుపచ్చగా బయటపడేవి. అప్పుడు గుర్తొచ్చేది, పని ఉందని.

ఆ సంవత్సరం నాకు విత్తనాల సంగతులు చెప్పింది ఒక అవ్వ. గంట నడక దూరంలో ఉన్న ఊరి నుంచి, సంత లేని రోజుల్లో వచ్చేది. ముక్కుకి రెండు వైపులా పుడకలు, చేతుల మీద వాడిపోయిన పచ్చబొట్లు. ఇంట్లో పొయ్యి మీద వేలాడే బుట్టల్లో ఏ గింజ ఎన్నాళ్ళు నిలుస్తుందో, దేన్ని బూడిదలో కలపాలో, దేన్ని పొగ తగిలేలా కట్టాలో ఆమెకి తెలియనిది లేదు. నన్ను 'గుంటా' అనేది, పిల్లా అన్నట్టు. ఎండ కావాలని కిటికీ పక్కన స్టూలు వేసుకుని, బయటికి చూస్తూ చెప్పేది. నేను తెర వైపు చూస్తూ కొట్టేదాన్ని. ఒకరి మొహం ఒకరం చూసుకోకుండానే గంటలు గడిచిపోయేవి. ఆమె గొంతు మెల్లగా, ఒకే ఎత్తులో సాగేది. ఒక్కోసారి నేను టైపు చేస్తున్నానో, నిద్రలో వింటున్నానో నాకే తెలిసేది కాదు.

ఒకరోజు కందుల గురించి చెబుతూ చెబుతూ ఆగిపోయింది.

"ఆ పెట్టెలో వాన పడతంది, గుంటా" అంది.

నేను తెర వైపు చూశాను. అక్షరాలు నిలకడగా ఉన్నాయి.

"వాన కాదవ్వా. కరెంటు వెలుగు."

"ఎలుగైతే నిలబడుంతాది. ఇది పడతంది. పైనుండి కిందకి పడతానే ఉంది."

నవ్వేశాను. ఆమె నవ్వలేదు. ఆ రోజు కందుల సంగతి సగంలోనే మిగిలింది. తర్వాత రెండు సార్లు వచ్చింది గానీ, కాసేపటికే కణతలు పట్టుకుని లేచిపోయేది. రెండోసారి గుమ్మంలో నిలబడి చెప్పేసింది.

"నాను రాను. వానలో ఇత్తనం మాట ఎత్తకూడదు, తడిసిపోతాది. నాకు తల తిరిగిపోతంది కూడాను."

"అక్కడ వాన లేదవ్వా, నేను చూస్తున్నాను కదా!"

"నువ్వు సూత్తన్నావు. నీకు అగుపడ్డం లేదు" అని వెళ్ళిపోయింది.

కోపం రాలేదు నాకు. అంతకంటే చెడ్డది, జాలి వేసింది. వయసు మీద పడింది, కళ్ళు చెదురుతున్నాయి, దానికి వాన అని పేరు పెట్టుకుంది అనుకున్నాను. సాయంత్రానికి నాకూ తలనొప్పి వచ్చేది. అది చలికని, మంచులో కూర్చున్నందుకని అనుకుని, తలకి గుడ్డ కట్టుకుని కాఫీ తాగేదాన్ని. ఆమె తలనొప్పీ నా తలనొప్పీ ఒకటే కావచ్చన్న ఆలోచనే రాలేదు.

పది రోజులు చూశాను. రాలేదు. అరకులో కళ్ళ డాక్టరు వచ్చి ఉచితంగా చూస్తున్నాడని తెలిసి, ఆమె ఊరికి వెళ్ళి బతిమాలాను. వాకిట్లో చింతపండు పిక్క తీస్తోంది.

"నా కళ్ళకేటైనాది?" అంది.

"ఏమీ అవకపోతే ఏమీ లేదని చెబుతాడు. నా కోసం రా అవ్వా."

నా కోసం వచ్చింది. జీపులో వెనక కూర్చుని, దారి పొడుగునా ఏ చేలో ఎవరు ఏమి వేశారో చెబుతూనే ఉంది. అంత దూరం నుంచి ఆకు రంగు చూసి చెప్పేస్తున్న మనిషిని కళ్ళ పరీక్షకి తీసుకుపోతున్నానని అప్పుడైనా నాకు సిగ్గు వేయాల్సింది.

డాక్టరు చిన్న వయసువాడు. ఓపికగా చూశాడు. ఒక కంట్లో శుక్లం ఇప్పుడిప్పుడే మొదలవుతోందని, ఇంకా చాలా ఏళ్ళు ఇబ్బంది లేదని చెప్పాడు. నేను వాన సంగతి చెప్పాను. ఆయన "మానిటర్ పాతదా? వెనక లావుగా ఉండేదేనా?" అని అడిగాడు.

"అవునండీ."

"ఈవిడ దానికి ఎదురుగా కూర్చుంటారా, పక్కనా?"

"పక్కన. కిటికీ వైపు చూస్తూ."

"అయితే ఆవిడకి కనిపించేది నిజమే. సూటిగా చూసే చూపు అక్షరాలు చదవడానికి బాగుంటుంది. చిన్న వణుకుని పట్టేది పక్కచూపు. మీరు వెళ్ళి ఆవిడ చోట కూర్చుని చూడండి."

అవ్వకి ఆ మాటలు ఎంత అర్థమయ్యాయో గానీ, బయటికి వచ్చాక నా చెయ్యి పట్టుకుని, "నాను సెప్పినాను గదా" అంది. అంతే. దెప్పినట్టు కూడా లేదు.

ఆఫీసుకి వచ్చి స్టూలు మీద కూర్చున్నాను. అన్నాళ్ళలో ఒక్కసారీ నేను దాని మీద కూర్చోలేదు. వలిసె చేల వైపు చూస్తూ, ఏమీ పట్టించుకోనట్టు ఉండిపోయాను. కాసేపటికి కంటి కొసన తెర కదిలింది. సన్నగా, గడగడా, నీటి మీద గాలి పోయినట్టు. తిరిగి చూస్తే ఆగిపోయింది. కిటికీ వైపు తిరిగితే మళ్ళీ మొదలు. చూస్తూ చూస్తూ ఉంటే నిజంగానే జల్లు పడుతున్నట్టే ఉంది. చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఇన్ని నెలలు వానకి ఎదురుగా కూర్చుని నేను తడవడం లేదనుకున్నాను.

అసలు సంగతి ఆ సాయంత్రం కంప్యూటర్ సహాయం పేజీల్లో దొరికింది. అలాంటి తెర మీద బొమ్మ నిలబడి ఉండదు. పై గీత నుంచి కింది గీత దాకా యంత్రం దాన్ని సెకనుకి అరవై సార్లు మళ్ళీ మళ్ళీ గీస్తూ ఉంటుంది. పైనుంచి కిందకి. అవ్వ అన్నది అక్షరాలా అదే.

మర్నాడు పొద్దున నాకు తెలిసీ తెలియని ధైర్యంతో సెట్టింగుల్లోకి వెళ్ళాను. సెకనుకి ఎన్నిసార్లు గీయాలో చెప్పే రిఫ్రెష్ రేటు అన్న చోట అరవై ఉంది. అది పెంచితే వాన ఆగుతుందనుకున్నాను. పెద్ద అంకెలు కనబడలేదు. ఈ మానిటర్ చూపించలేని వాటిని దాచిపెట్టు అన్న మాట పక్కన ఒక టిక్కు ఉంది. దాన్ని తీసేశాను. వరసగా పెద్ద అంకెలు వచ్చాయి. అన్నిటికంటే పెద్దదాన్ని నొక్కాను.

తెర నల్లబడింది. లోపలి నుంచి సన్నటి కూత మొదలైంది, చెవిలో దోమ దూరినట్టు. భయంతో దొరికిన మీటలన్నీ నొక్కేశాను. వాటిలో ఏదో ఒకదాన్ని యంత్రం 'ఔను, ఇలాగే ఉంచు' అన్నట్టు తీసుకుంది. ఇక తెర వెలగలేదు. అవ్వ చెప్పిందంతా ఆ నలుపు వెనకాల ఉంది. ఎనిమిది నెలల మాటలు. మంచులో నిలబడి ఎస్. కోటలో కంప్యూటర్లు బాగుచేసే ఆయనకి ఫోన్ చేశాను. సిగ్నల్ కోసం రోడ్డు మీదికి పోవాల్సి వచ్చింది.

"కూత వినబడతందా ఇంకా?" అన్నాడాయన జరిగింది వినగానే.

"వినబడుతోందండీ."

"బేగి ఎల్లి మానిటర్ ఆపీండి ముందు. అలా ఉంచితే లోన కాలిపోద్ది. ఆపీసి మల్లీ ఫోన్ సెయ్యండి."

పరిగెత్తాను, ఆపాను, మళ్ళీ రోడ్డు మీదికి వచ్చాను.

"మీ ఫైళ్ళకేటీ అవ్వలేదమ్మా. అవి ఉన్న పెట్టె ఏరు, ఇది ఏరు. తెర ఎలగట్లేదు, అంతే. భయపడకండి" అన్నాడు. ఆ ఒక్క మాటకి నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆయన చెబుతుంటే, అరచేతి మీద పెన్నుతో రాసుకున్నాను. కంప్యూటర్ మళ్ళీ వెయ్యడం, మొదలయ్యేటప్పుడు ఎఫ్ ఎనిమిది మీట కొడుతూ ఉండడం, వచ్చిన పట్టీలో, తెరని తక్కువ రంగులతో ఎలాగైనా వెలిగించే వీజీఏ అన్నదాన్ని ఎంచుకోవడం. "ముందు ఆ టిక్కు మల్లీ ఎట్టీండి. దాన్ని తియ్యకూడదు. తర్వాత రెజల్యూషన్ తగ్గించండి, అప్పుడే ఇది పెద్ద రేట్లు తట్టుకుంతాది. అక్షరాలు కాస్త పెద్దయితాయి, పర్లేదు. అప్పుడు రేటు ఒక్కో మెట్టే పెంచండి. ఒకేల తెర నల్లగయిపోతే ఏటీ ముట్టుకోకండి. సేతులు ఎనక్కెట్టుకుని పదిహేను లెక్కెట్టండి. మీరు ఔను అనకపోతే దానంతటదే ఎనక్కొచ్చేత్తాది."

అలాగే చేశాను. పెద్ద పెద్ద బొమ్మలతో, వెలిసిపోయిన రంగులతో తెర మెల్లగా తేలింది. అవ్వ మాటలున్న ఫైలు తెరిచి, చివరి పేజీ దాకా చూసుకుని, మూసేశాను. రెజల్యూషన్ తగ్గించి, టిక్కు పెట్టేసి, అక్కడితో ఆగాను. మిగతా పని నేను ఒక్కదాన్ని చేయకూడదనిపించింది. నా కళ్ళ మీద నాకు నమ్మకం పోయింది.

మరుసటి రోజు అవ్వని తీసుకొచ్చాను. స్టూలు మీద కూర్చోబెట్టాను.

"కిటికీ వైపే చూడవ్వా. వాన ఎప్పుడు ఆగితే అప్పుడు చెప్పు."

అరవై దగ్గర మొదలుపెట్టాను.

"పడతంది" అంది.

డెబ్బై రెండు. తెర ఒక్క క్షణం నల్లబడింది. చేతులు వెనక్కి పెట్టుకుని లోపల లెక్క పెట్టాను. నాలుగు అనేలోపే వెలిగింది.

"సన్నబడ్డాది. తుప్పర."

డెబ్బై ఐదు.

మంచు విడిపోతోంది. ఎక్కడో మేకల మెడ గంటలు. ఆమె చూపు చేల మీదే ఉంది, ముడతల మొహం నిమ్మళంగా ఉంది. అంత నిశ్శబ్దంగా ఎవరూ దేన్నీ పరీక్షించడం నేను చూడలేదు.

"ఆగిపోనాది" అంది చివరికి.

"ఇంకొక మెట్టు ఉందవ్వా. చూద్దామా?"

ఎనభై ఐదు పెట్టాను. వాన లేదు గానీ, ఈసారి నా వంతు వచ్చింది. అక్షరాల అంచులు కాస్త చెదిరినట్టున్నాయి, లోపల ఆ కూత చాలా పల్చగా వినబడుతున్నట్టుంది. చెప్పాను.

"మరెందుకు? ఎనక్కి తెచ్చీ. దానికి సాలినంత కాడ ఉండనీ" అంది అవ్వ.

డెబ్బై ఐదు దగ్గరే ఉంచి, 'ఔను' నొక్కాను, ఈసారి చూసి.

ఆ వారంలోనే నా తలనొప్పులు పోయాయి. తలకి కట్టుకునే గుడ్డ మేకుకే వేలాడుతూ ఉండిపోయింది. ఆ సంగతి అవ్వకి చెబితే పకపకా నవ్వింది. "మరి నీకు కళ్ళు సూపించనేదేటే గుంటా, నన్ను లాక్కుపోనావు?" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ తర్వాత ఆమె చెప్పేటప్పుడు నేను అప్పుడప్పుడు ఆగి, ఆమె మొహం చూడడం నేర్చుకున్నాను. చూస్తే తెలిసింది, కొన్ని గింజల గురించి చెప్పేటప్పుడు ఆమె చేతులు కూడా చెబుతాయని. ఎంత లోతు, ఎంత ఎడం, ఎంత గుప్పెడు. అవన్నీ నేను అంతకు ముందు టైపు చెయ్యలేదు. వెనక్కి వెళ్ళి చాలా పేజీలు మళ్ళీ రాశాను.

చలి తగ్గేదాకా పని సాగింది. కందుల సంగతి పూర్తి చేసింది, తర్వాత అనపలు, తర్వాత గుమ్మడి. ఒకరోజు మధ్యాహ్నం, ఏదో చెప్పి, "ఇంకేటీ లేదు" అంది. అంత మామూలుగా అయిపోయింది. నేను ఇంకా మీటల మీద వేళ్ళు పెట్టుకుని ఎదురుచూస్తున్నాను. ఆమె లేచి, తెర దగ్గరికి వచ్చి, మొట్టమొదటిసారి ఎదురుగా నిలబడింది. చదవడం రాదు. ఒక వరస మీద వేలు పెట్టింది. చిట్ మని చిన్న చప్పుడైంది. ఆమె చేతి మీది నూగు వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ఉలిక్కిపడలేదు. వేలు అక్కడే ఉంచి, "ఇదేటి?" అని అడిగింది.

"అది గుమ్మడి అవ్వా. నువ్వు ఇప్పుడు చెప్పిందే."

"ఓహో" అంది. ఇంకో వరస మీదికి వేలు జరిపింది. నేను చదివాను. అలా ఒక్కొక్క వరసే చూపిస్తూ, ఆమె మాటల్ని ఆమెకే నా చేత చెప్పించుకుంటూ, పొద్దు వాలేదాకా నిలబడింది.