తెలుగులో కొనమని, కన్నడంలో అమ్మమని

ఏ షేరు కొనాలో చెబుతామంటూ ఫోన్లకు న్యూస్‌లెటర్లు పంపేవాళ్లను తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

నేను తోరణగల్లు స్టీలు ఫ్యాక్టరీలో పనిచేస్తాను. కన్నడ రాష్ట్రంలోనే ఉన్న మా తెలుగువాళ్ల ఊరు దేశనూరులో, కాలువ కింద ఉన్న కాస్త మడి మా అన్న చేసుకునేవాడు. వడ్లు అమ్మిన డబ్బు బ్యాంకులో ఉండేది. వచ్చే పంటకు విత్తనాలు, ఎరువులు, నాట్ల కూలి అన్నీ అందులోంచే. అది పోతే మడి కౌలుకిచ్చి కూలికి పోవాల్సిందే. ఆ సంగతి అన్నకూ తెలుసు, వదినకూ తెలుసు.

ప్రతి ఆదివారం అన్న ఫోనుకు ఆ లెటర్ తెలుగులో ఊరికే వచ్చేది. పైన కోటు వేసుకున్న ఒక మనిషి ఫోటో, కింద కొనాల్సిన షేరు. ఒకటి రెండు పెరిగాయి. ఇంక మా అన్న కాళ్లు నేలమీద నిలిస్తే ఒట్టు! ఆ తర్వాత, ఎవరూ పేరు వినని ఒక చిన్న కంపెనీలో ఉన్నదంతా పెట్టమని వచ్చింది.

“సదువుకున్నోడివి కదప్పా, సూసి చెప్పు” అని నాకు పంపాడు.

చూశాను. రాసినవాడి పేరు లేదు, అడ్రసు లేదు, సలహాలివ్వడానికి లైసెన్సు నంబరూ లేదు. పెరిగిన షేర్ల గురించి పెద్ద అక్షరాల్లో గొప్పలు. పడిపోయినవాటి ఊసే లేదు. అంత తెలిసినవాడు తనే కొనుక్కుని కోటీశ్వరుడు కాకుండా మన వెంట ఎందుకు పడతాడు? వద్దని చెప్పాను.

“నీకన్నీ అనుమానాలేప్పా” అన్నాడు అన్న.

మర్నాడు కంపెనీ బస్సులో అసలు రుజువు దొరికింది. నా పక్క సీటు మిత్రుడు కన్నడిగుడు. అతని ఫోన్లో అదే కోటు మనిషి, అదే కంపెనీ, కన్నడంలో. ఈ షేరు పడబోతోంది, ఉంటే వెంటనే అమ్మేయండి అని! అంటే తెలుగువాళ్లకు పెరుగుతుందని, కన్నడంవాళ్లకు పడుతుందని ఒకేసారి చెబుతున్నాడు. ఏది జరిగినా ఒక వైపువాళ్లు వాణ్ణి దేవుడంటారు. వాళ్ల దగ్గర చందా గుంజుకోవచ్చు. దొంగ వెధవ!

అది నా ఫోనుకు పంపించుకుని, డ్యూటీ దిగి నేరుగా దేశనూరు పోయాను. అన్న బడిలో చదివింది కన్నడమే. రెండు లెటర్లూ చూపించాను. రెండూ చదివి నవ్వాడు.

“ఈయప్ప మనోడేరా! వాళ్లకు ఏదో ఒగటి చెప్పి పంపిస్తాండాడు. అసలు సంగతి మనకే చెప్తాండాడు.”

“వానికి నీ భాషతో ఏం పని అన్నా? వానికి కావాల్సింది నీ దుడ్డు!” అని అరిచాను.

“రేపు నాట్లకు దుడ్డు యాడ తెస్తావు?” అని వదిన ఏడ్చింది. అయినా పెట్టాడు.

షేరు పడింది. అమ్ముదామంటే కొనేవాడే లేడు. మడి కౌలుకు పోయింది. ఆ కోటువాడు ఎదురైతే చెప్పుతో కొట్టేవాణ్ణి. ఆ ఫోటో అయినా వాడిదో కాదో.

బస్సులో మిత్రుడి ముఖం వెలిగిపోతోంది. “నోడప్పా, హేళిద హాగే ఆయ్తు!” చెప్పినట్టే పడిందని ఏడాది చందా కట్టేశాడట. మా అన్న మునగడమే అతనికి నమ్మకం కుదిర్చింది. కొని మునిగింది మా అన్నేనని చెప్పాను. పాపం, నిజంగానే బాధపడ్డాడు. కాసేపు ఆలోచించి, మీ అన్ననూ కన్నడ లెటరే తెప్పించుకోమను అన్నాడు.

ఆ ఆదివారం ఊరికి పోయాను. కౌలుకు తీసుకున్నవాళ్ల దగ్గర కూలికి కుదిరి, వదిన తన మడిలోనే నాట్లు వేస్తోంది. అన్న గట్టు మీద కూర్చుని ఫోన్లో ఏదో చదువుకుంటున్నాడు. వంగి చూశాను. అదే లెటర్, కన్నడంలో. ఈసారి చందా కట్టి తెప్పించుకున్నాడు.