మా మామయ్య నడిపిన యుద్ధం

మా మామయ్య ఆర్మీలో హవల్దారుగా రిటైరయ్యారు. ఈ మధ్యాహ్నం నరసరావుపేట ఎండకు బయటికి వెళ్లలేక, చేతిలో పట్టుకుని ఆడే నా గేమ్ కన్సోల్ అడిగి తీసుకున్నారు. అందులో ఒక యుద్ధం ఆట ఉంది. ముగ్గురు సైనికులను నడిపించి శత్రువుల స్థావరం పట్టుకోవాలి. పది నిమిషాలైనా ఆయన ఒక్క బటన్ నొక్కలేదు.

“ఏంది మామయ్యా, కదలరేం?” అన్నాను.

“ఆర్డర్ రాలేదమ్మాయ్.”

“ఇందులో ఆఫీసర్ మీరే. ఆర్డర్ మీరే ఇవ్వాలి.”

ఆయన బటన్ నొక్కి, ముగ్గురినీ ఒక గోడ నీడన కూర్చోబెట్టారు. ఆటకిచ్చిన టైం అయిపోయింది. ఓడిపోయారని తెరమీద పడింది.

“ముగ్గురూ బతికే ఉన్నారు గదా, ఓడిపోవడమేంది?” అన్నారు.

నేను ఆడితే రోజూ ఆ ముగ్గురిలో ఇద్దరు చస్తారు, అయినా గెలిచానని నాకు పతకం వస్తుంది. మా ఇద్దరిలో ఎవరి కింద చేరతారో మీరే చెప్పండి.