రత్నమ్మ ఇంట్లో దోమలకు నీళ్లు

నేల ఎండినా తన కృపను ఎండనివ్వని దేవునికి స్తోత్రం. చీమకు దారి, దోమకు రెక్క ఇచ్చిన ఆయనకే మహిమ.

మా అమ్మాయి మెర్సీ బెంగళూరులో దోమల మీద పరిశోధన చేస్తుంది. ధర్మవరం నేతవీధిలో దోమగుడ్లు సేకరించాలని గుత్తిలో మా ఇంటికి వచ్చింది. నా చిన్ననాటి స్నేహితురాలు రత్నమ్మ ఉండేది ఆ వీధిలోనే. ఆమె కొడుకు శేఖర్ పోయిన ఏడాది డెంగీతో చనిపోయాడు. ఆమె ఒప్పుకుంటే వీధంతా ఒప్పుకుంటుంది. అందుకే నేనూ బయలుదేరాను.

గుత్తి స్టేషన్ బయట ఉగ్గాని, బజ్జీ తిని ఏడు గంటలకు ప్యాసింజర్ ఎక్కాం. ఎదురు సీటులో గొర్రెల కాపరి. మా పని విని పగలబడి నవ్వాడు.

"దోమల్ని సాకుతారా? మా ఊర్లో సాకకుండానే కావల్సినన్ని ఉండాయి కదమ్మా!"

మెర్సీ కూడా నవ్వి, వోల్బాకియా అనే సూక్ష్మజీవి గురించి చెప్పింది. అది దోమ ఒంట్లో ఉంటే డెంగీ క్రిమి సరిగా పెరగదట. తల్లిదోమ నుంచి గుడ్లకూ వస్తుందట. అలాంటి దోమల్ని పెంచి ఊళ్లలో వదిలితే డెంగీ తగ్గుతుందట.

"దేవుని సృష్టిలో మనం చెయ్యి పెట్టొచ్చా?" అని అడిగాను.

"కొన్ని సీతాకోకచిలుకల్లో ఎప్పటినుంచో ఉండేదేనమ్మా. ఆయన పెట్టిందే."

నా మనసు కుదుటపడింది.

పదింటికి ధర్మవరంలో దిగి ఆటోలో వెళ్లాం. ఆ వీధికి కొళాయి నీళ్లు వారానికోసారి వస్తాయి. ప్రతి ఇంటి ముందూ డ్రమ్ములే. రత్నమ్మ డ్రమ్ములకు మాత్రం పాత పట్టుగుడ్డలు బిగించి కట్టి ఉన్నాయి.

మెర్సీ నల్ల గిన్నె తీసి, ఇందులో నీళ్లు పోసి కాగితం పెడితే దోమ గుడ్లు పెడుతుందని చెప్పింది. రత్నమ్మ ముఖం మాడిపోయింది.

"నా కొడుకును తిన్న దోమకు నేను నీళ్లు పెట్టల్లా? ఏమ్మే, బిడ్డకు ఇదేనా నేర్పించినావు?"



"ఈ ఊరి దోమలతో కలిపితేనే మా దోమలు ఈ ఎండకు తట్టుకుంటాయి చిన్నమ్మా" అంది మెర్సీ మెల్లగా. "ప్రభుత్వం ఒప్పుకున్నాకే వదిలేది. మూడో రోజే మళ్లీ వచ్చి, గుడ్లు పగిలి పిల్లలు రాకముందే కాగితం తీసేస్తాం. వద్దంటే వెళ్లిపోతాం."

రత్నమ్మ మాకు సంగటి, ఊరిబిండి పచ్చడి వడ్డించింది. తాను తినలేదు. మా భోజనం అయ్యాక గిన్నె అందుకుని శేఖర్ మగ్గం దగ్గరికి నడిచింది. నేసేవాళ్లు కాళ్లు పెట్టుకునే గుంతలోకి దిగింది. చల్లగా, చీకటిగా ఉంటుందది.

"ఈడ కూర్చున్నప్పుడే వాని కాళ్లు కుట్టేటివి. ఈడే పెడతా. ఇంకొకరి బిడ్డన్నా మిగలనీ." మూలన గిన్నె సర్ది, చెంబుతో నీళ్లు పోసి కాగితం పెట్టింది. "నీ దేవునికి ఒక మాట చెప్పు మే."

గుంత అంచున మోకరించి, ఆమె చెయ్యి పట్టుకుని ప్రార్థించాను.

సాయంత్రం రైల్లో మెర్సీ నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. కిటికీ బయట ఎర్రని బీడు నేలలు, దూరంగా ఒక మంద. కొడుకును పోగొట్టుకున్న తల్లి పరాయి బిడ్డల కోసం ఏం చేయగలదో ఆ రోజు చూశాను.

చదువుతున్న సహోదరీ సహోదరులారా, ఒక ఇంట్లో దోమలు గుడ్లు పెట్టాలని ప్రార్థించమనడం నాకే వింతగా ఉంది. అయినా అడుగుతున్నాను. నాతో కలిసి మోకరించండి. రత్నమ్మ గిన్నె ఖాళీగా ఉండకూడదు ప్రభువా, ఆమేన్.