మోసినామె చెప్పాలె

గార్ల బజారులో మందు కొట్టే పంపులు బాగుచేసే దుకాణం పెట్టిన మొదటి ఆడమనిషి సక్రి. పక్క తండా ఆమెది. మహబూబాబాద్‌లో ఒక మెకానిక్ దగ్గర పదేళ్లు పని నేర్చుకుంది. అక్కడ నోరు విప్పితే చాలు, లంబాడీ యాస అని వెక్కిరించేవాళ్లట. మొండికేసిన పంపును మాత్రం ఆమె ముందే పెట్టేవాళ్లట.

సొంత దుకాణంలో సక్రి ఒక పద్ధతి పెట్టింది. పంపును వీపున మోసినవాళ్లే వచ్చి దానికేమైందో చెప్పాలి. తెలుగు వచ్చు కదా అని మగవాళ్లు తెస్తే తిప్పి పంపేది. మర్నాడు వాళ్ల ఆడవాళ్లు వచ్చి, మెట్ల మీద కూర్చుని, తమ లంబాడీ భాష గోర్ బోలీలో గలగలా చెప్పేవాళ్లు. అది విని బజారంతా నవ్వేది. ఎదురుగా నా సైకిల్ షాపులో కూర్చుని నేనూ నవ్వాను. సిగ్గులేని నవ్వు.

ఒకరోజు ఆ దుకాణం గది యజమాని గోపాల్, ఎరువుల వ్యాపారి, తన పంపు తెచ్చాడు.

“వాషర్ పోయింది, మార్చు.”

“మోసినామె చెప్పాలె సేటూ.”

“నా పంపు సంగతి నాకు తెల్వదా? బజారును తండా చేసినవ్. రేపటి సంది గీడ తెలుగే మాట్లాడాలె. లేకుంటే గది ఖాళీ చెయ్!”

మెట్ల మీది ముసలామె ఒకతె లేచింది. గోపాల్ చేలో మందు కొట్టేది ఆమే. ఏదో చెప్పి, వెనక్కి తిరిగింది. వీపంతా ఎర్రగా పొక్కి ఉంది.

“వాషర్ గాదు సేటూ, డబ్బా పగిలింది. నాలుగు దినాల సంది మందు గీ అవ్వ వీపు మీదనే కారుతున్నదట,” అంది సక్రి. “తెలుగుల నీకెట్ల చెప్పాల్నో తెల్వలేదట.”

“గది సంగతి చెప్పు ముందు,” అన్నాడు గోపాల్. వాడికి ఆ వీపు కనబడలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

“నీ గది నువ్వే ఉంచుకో. నా మాట నేను ఇడువ.”

తెల్లారేసరికి గదికి తాళం పడింది. సక్రి బతిమాలలేదు. పానాల పెట్టెతో నా షాపు ముందుకొచ్చి, కింద పరుచుకునే గోనెపట్టా చేత పట్టుకుని నా వంక చూసింది. నేను సైకిళ్లు పక్కకు జరిపాను.

పట్టా పరిచి కూర్చుని, ఎరువుల కొట్టుకు వినబడేలా పిలిచింది:

“యాడీ, ఆవ్! బేస్!”

అమ్మా, రా, కూర్చో అని. నవ్వడానికి ఆ రోజు బజారులో ఎవరికీ ధైర్యం చాలలేదు.