చాచా కట్టని కట్టు

నా చిన్నప్పుడు, అరవై తొమ్మిదిలో, ప్రత్యేక తెలంగాణ ఉద్యమంతో బస్సులు ఆగిపోయిన రోజుల్లో, సిరిసిల్లలో మా నాయనమ్మ మగ్గం గుంటలోకి జారిపడింది. పొద్దంతా రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టే మనిషి, కాలు కదపలేక పడ్డచోటే ఉండిపోయింది. తుంటి కీలు తప్పిందనుకుని మావాళ్లు నూనె రాసి, ఇద్దరు భుజాలు పట్టుకుంటే ఇద్దరు కాలు గుంజారు. మగ్గం మీద చిక్కుపడ్డ పడుగు దారాలను గుంజి సరిచేయడం అలవాటైన చేతులవి. నాయనమ్మ పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

అప్పుడు వెనక వీధిలో ఎముకలకు కట్టు కట్టే ఆయనను, మేమంతా చాచా అనే మనిషిని పిలిచారు. ఎల్లంతకుంట దాకా ఆయన చేతికి పేరుంది. నాయనమ్మ పాదం పక్కకు తిరిగిపోవడం, ఆ కాలు పొట్టిగా కనబడటం చూసి, బయటికి తీసిన వెదురు బద్దలను మళ్లీ సంచిలో పెట్టేశాడు. వాడ జనమంతా మా వాకిట్లోనే ఉన్నారు.

"చెయ్యి ఇరిగితె కడుత. తుంటి నాతోని కాదు. నేను కట్టిన్నంటే మీరు దవాఖానకు పోరు, అమ్మ ఇగ లేవదు" అన్నాడు.

భయపడ్డాడని కొందరు గొణిగారు. ఆయన పట్టించుకోలేదు. కాలికి రెండువైపులా ఇసుక సంచులు ఆనించి, మంచంతో సహా ఎడ్లబండి ఎక్కించి, కరీంనగర్ పెద్ద దవాఖాన దాకా పక్కనే నడిచాడు. నేను నాయనమ్మ తలాపున కూర్చున్నాను. దారికి రాళ్లు అడ్డం పెట్టిన పోరగాళ్లకు ఆయన ఏం చెప్పాడో గానీ, వాళ్లే మంచాన్ని మోసి, బండినీ అవతలికి దాటించారు.

తుంటికి ఆపరేషన్ అప్పుడు మావంటి వాళ్లకు అందేది కాదు. కాలికి బరువు వేలాడదీసి నెలల తరబడి పడుకోబెట్టారు. నాయనమ్మ కర్ర పట్టుకుని కుంటుతూ ఇల్లు చేరింది, మళ్లీ రాట్నం తిప్పింది. చాచా దగ్గరికి మాత్రం జనం రావడం తగ్గింది. చేతకానివాడన్నారు. ఆ మాట అన్నవాళ్ల మీద నాకిప్పటికీ కోపమే.

పోయినేడు నేనూ అలాగే పడి తుంటి విరగ్గొట్టుకున్నాను. కోడలూ ఇరుగుపొరుగూ పరుగున వచ్చి కాలు పట్టుకోబోతే, ఎవ్వరూ గుంజొద్దని, రెండువైపులా దిండ్లు ఆనించి దవాఖానకు తీసుకుపొమ్మని చెప్పాను. డాక్టరు నాలుగు చిన్న గాట్లలోంచి కడ్డీ దింపి ఎముకను నిలిపాడు. మర్నాడే నన్ను లేపారు. కాలు గుంజనియ్యక మంచి పని చేశావు, ఎవరు చెప్పారని నడక నేర్పే అమ్మాయి అడిగింది. మా చాచా అన్నాను. ఆయన డాక్టరా అంది.

"కాదు బిడ్డా. నాతోని కాదు అని చెప్పిన మనిషి" అన్నాను. అంటూనే కళ్లు నిండాయి. ఆమె భుజం పట్టుకుని మొదటి అడుగు వేశాను.