శ్రుతిపెట్టె

నాకు కాళ్లు పనిచేయవు గానీ నోరు మాత్రం ఇద్దరి పని చేస్తుంది. అతనికి శ్రుతిపెట్టె అని పేరు పెట్టింది నా నోరే. అతనికి పుట్టుచెవుడు, మాటలు లేవు. మా వీధి చివర తన అక్కతో కలిసి ఇస్త్రీ కొట్టు నడిపేవాడు. కాలరు మీద ఇస్త్రీపెట్టె తిప్పేటప్పుడు నాలుక కొసను పళ్ల మధ్య పెట్టుకుని, లోకంలో అంతకు మించిన పని లేనట్టు చేసేవాడు.

ఆదివారం సాయంత్రాలు లైబ్రరీ వెనక హాల్లో మా పాటల బృందం కూడేది. చూపు లేనివాళ్లు, నాలాంటి చక్రాల కుర్చీవాళ్లు, మాట తడబడేవాళ్లు, తమకు ఏ లోటూ లేదనుకునేవాళ్లు, అందరమూ ఉండేవాళ్లం. అక్క అతన్ని మొదటిసారి తీసుకొచ్చినప్పుడు, "వినపడని మనిషికి పాటేంటి తల్లీ?" అన్నాను.

"అందరూ నోరు తెరుస్తుంటే వాడికీ తెరవాలనుంటుంది. అంతే," అంది.

తెరిచాడు. "ఊఁ" అని ఒక్కటే స్వరం, లావుగా, నిలకడగా. హార్మోనియంతో ఎంత కుస్తీ పట్టినా ఆ స్వరం కదిలితే ఒట్టు. చివరికి పాటల టీచర్ హార్మోనియం మూసేసి, "ఆయన మన దగ్గరికి రాలేరు. మనమే ఆయన దగ్గరికి వెళ్దాం," అంది.

అప్పటి నుంచి ప్రతి పాటకూ అతనే శ్రుతి. ముందు అక్క, వెనక అతను, ఆమె వీపు మీద అతని అరచేయి. వీపు అదిరితే పాట సాగుతున్నట్టు, ఆగితే అయిపోయినట్టు. ఆ కింది స్థాయిలో పాడలేక సన్న గొంతులవాళ్లం చచ్చేవాళ్లం. తిట్టుకుంటూనే పాడేవాళ్లం.

అతని గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి తీశారు. గొంతు ఇక రాదని డాక్టర్ అక్కకు చెప్పాడు. ఆమె తమ్ముడికి చెప్పలేదు. కుట్లు మానేదాకా నోరు మెదపొద్దని మాత్రం సైగ చేసింది.

"ఇంకెప్పుడు చెప్తావక్కా?" అని గదమాయించాను.

"వాడికున్న సరదా అదొక్కటే. ఎలా చెప్పను? పోనీ, నువ్వు చెప్పు," అంది. నా నోటిని వెంటేసుకుని కుర్చీ వెనక్కి తిప్పాను.

కుట్లు మానాయి. ఆ ఆదివారం అతను మడత నలగని చొక్కా వేసుకుని, అందరికన్నా ముందే హాల్లో నిలబడ్డాడు. ఇంటికి పోదామని అక్క చేయి పట్టి లాగింది. అతను నవ్వుతూ ఆమెను ముందుకు తిప్పి, వీపు మీద అరచేయి ఆనించాడు. టీచర్ అలవాటుగా అతని వైపు చేయెత్తింది. ఎత్తాక గుర్తొచ్చింది పాపం, దించలేకపోయింది.

అతను నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. ఆ స్వరం వినకుండా ఎత్తుకోవడం మాకు చేతకాదు. గుడ్లప్పగించి చూస్తూ ఉండిపోయాం. అతను ఊపిరి పీల్చి మళ్లీ తెరిచాడు. మూసుకునే ఉన్న మా నోళ్లు చూశాడు. ముఖం వాడిపోయింది. పాడవేం అన్నట్టు అక్క వీపు తట్టాడు.

అక్క భోరుమంది. వీపంతా వణికిపోయింది.

ఆ వణుకు చేతికి తగలగానే అతని ముఖం విప్పారింది. పాట మొదలైందనుకున్నాడు, పిచ్చి తండ్రి. కళ్లు మూసుకుని, మెడ నరాలు ఉబ్బేలా గాలినే పాడుతున్నాడు.

"పాడండి, మీకు దణ్ణం పెడతాను, పాడండి," అంది టీచర్. తలా ఒక స్థాయిలో ఎత్తుకున్నాం. ఛీ, అంత దరిద్రంగా ఎప్పుడూ పాడలేదు. అక్కకు ఏడుపు ఆపుకునే వీల్లేదు. ఆపితే అతనూ ఆపేస్తాడు.

పాట అయ్యాక అక్కను తన వైపు తిప్పుకున్నాడు. పాటకే కళ్లు చెమర్చాయనుకున్నాడు కాబోలు, చొక్కా చేతితో ఆమె చెంపలు తుడిచాడు. మనిద్దరం ఇవాళ భలే పాడాం కదా అని సైగ చేశాడు.